క్లిప్పులు వేసి 11 నెలలు, దవడ ఇంకా ముందుకొచ్చినట్టుంది. ఆపరేషన్ దాకా వెళ్ళాలా, ఆపేయాలా?

తెనాలి_చామంతి
2023 జనవరి 8, రాత్రి 11:40

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. పెద్ద పోస్టు, తిట్టుకోకండి.

నాకు 24. చిన్నప్పటినుంచి కింది దవడ ముందుకు ఉంటుంది, నోరు మూస్తే కింది పళ్ళు పై పళ్ళకి బయట పడతాయి. మా నాన్నమ్మదీ ఇదే దవడ, మేనత్తదీ ఇదే. ముందు పళ్ళతో ఏదీ కొరకలేను. జామకాయైనా మిరపకాయ బజ్జీ అయినా పక్క పళ్ళ కిందికి తోసి లాగాలి, సేమియా తింటే సగం నోట్లో సగం బయట వేలాడుతుంది. పూలు కట్టేటప్పుడు దారం పంటితో తెంపడం రాదు, అమ్మే తెంపి ఇస్తుంది. 'స' అనబోతే కొంచెం గాలి పోతుంది, బ్యాంకు కౌంటర్లో కూర్చునే ఉద్యోగం కాబట్టి రోజుకి వంద సార్లు "సంతకం" అనాలి.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో పళ్ళ డాక్టరు దగ్గరికెళ్తే, ఒట్టి క్లిప్పులతో అయ్యేది కాదు, ఏడాదిన్నర క్లిప్పులు, తర్వాత రెండు దవడలకీ ఆపరేషన్, తర్వాత ఇంకో ఆరు నెలలు క్లిప్పులు అన్నారు. సరే అన్నాం. ఇప్పుడు 11 నెలలైంది, పళ్ళు వరసలో ఉన్నాయి గానీ పైకీ కిందికీ మధ్య సందు డబల్ అయింది! ముందు అంచులు దాదాపు తగిలేవి, ఇప్పుడు చిటికెన వేలు పడుతుంది. పక్కనుంచి ఫొటో తీస్తే నాకే భయం వేసింది. బ్యాంకులో అందరూ మాస్కులు తీసేశారు, నేను తీయట్లేదు.

అమ్మ రోజూ ఒకటే మాట, "బాగు చేయమని ఇస్తే ఉన్నది కూడా చెడగొట్టారు". సంబంధాలు చూస్తున్నారు, ఈ మొహంతో ఫొటో ఎలా పంపేది అని గొడవ. నాన్న ఇక్కడితో ఆపేసి క్లిప్పులు తీయించేద్దాం అంటున్నారు. డాక్టరుగారేమో "ఇలాగే అవ్వాలి, బాగా వస్తోంది" అంటారు, ఏం బాగా వస్తోందో నాకు అర్థం కావట్లేదు. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

గోదారి_గట్టు
జనవరి 9, ఉదయం 6:15

చెల్లీ, అచ్చం నా కథే. నాకు 2019లో అయింది ఆపరేషన్. అంతకుముందు ఏడాది మా ఆఫీసులో ఒకాయన "క్లిప్పులు తిరగేసి వేశారేమో అడుగు" అన్నాడు, నిజంగానే వెళ్ళి అడిగాను. డాక్టరు నవ్వలేదు, కూర్చోబెట్టి క్లిప్పులకి తగిలించే రబ్బర్లు పళ్ళని ఎందుకు అటు లాగుతున్నాయో ప్లాస్టర్ అచ్చు మీద చూపించాడు. ఆ పావుగంట మొదటి రోజే ఇచ్చి ఉంటే నేను ఆరు నెలలు అద్దం చూడకుండా తిరిగేవాణ్ణి కాదు. మీ డాక్టరు చెప్పింది తప్పు కాదు, కాకపోతే సగమే చెప్పారు.

ఒక్కటి మాత్రం: ఈ దశలో క్లిప్పులు తీయించడమంత తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు. ఇటు పాత మొహమూ ఉండదు, అటు కొత్తదీ రాదు.

పంటివైద్యం_పద్మ
జనవరి 9, మధ్యాహ్నం 2:05

నేను ఆర్థోడాంటిస్టుని, అంటే క్లిప్పులు వేసే పళ్ళ డాక్టర్ని. చూడకుండా మీ కేసు గురించి చెప్పను, కానీ సందు ఎందుకు పెరుగుతుందో చెప్పగలను.

కింది దవడ ముందుకి పెరిగితే (లేదా పై దవడ వెనకే ఆగిపోతే, మనవాళ్ళలో రెండోది కూడా చాలా చూస్తాం) పళ్ళు ఊరికే ఉండవు. నాలుకా పెదవులూ తోస్తుంటే కింది ముందు పళ్ళు లోపలికి వాలతాయి, పై పళ్ళు బయటికి వాలతాయి, ఎలాగోలా ఒకదాన్నొకటి అందుకోవాలని చూస్తాయి. అంటే ఎముకలో 10 మిల్లీమీటర్ల తేడా ఉంటే, పళ్ళ దగ్గర మనకి 3 మాత్రమే కనబడుతుంది. మిగతా 7 పళ్ళు వాలి దాచిపెట్టాయన్నమాట. మేము క్లిప్పులతో చేసేది ఆ వాలుని తీసేసి, ఏ దవడ పళ్ళని ఆ దవడ ఎముక మీద నిటారుగా నిలబెట్టడం. అప్పుడు దాగిన తేడా అంతా బయట పడుతుంది. అలా నిలబెట్టకుండా ఆపరేషన్ చేస్తే సర్జన్ దవడని 3 మిల్లీమీటర్లు జరిపేసరికి పళ్ళు గుద్దుకుంటాయి, ఇక జరగదు. పళ్ళు ఆగిన చోటే ఎముకా ఆగిపోతుంది, మొహంలో పెద్ద మార్పేమీ రాదు.

అందుకే రబ్బర్లు కూడా మామూలు కేసుకి ఎలా వేస్తామో దానికి ఎదురుగా వేస్తాం. పేషెంటుకి ఇది చెప్పకపోవడం మా తప్పే. చామంతీ, వచ్చేసారి వెళ్ళినప్పుడు మీ పక్కవాటు ఎక్స్‌రే, అదే లాటరల్ సెఫలోగ్రామ్, అప్పటిదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి. అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి, మీరు ఇంటికొచ్చి చెప్తే నమ్మరు.

సిద్దిపేట్_శీను
జనవరి 9, రాత్రి 9:30

నాది ఇంకో రకం. నాకూ కింది దవడే. ఒక క్లినిక్కులో ఆపరేషన్ అన్నారు, ఇంకో దగ్గర "ఆపరేషన్ అక్కర్లేదు, కింద రెండు పళ్ళు పీకేసి క్లిప్పులతో 14 నెలల్లో సెట్ చేస్తా" అన్నారు. మనిషికి ఏది వినబుద్ధి అయితదో అదే వింటడు కదా, రెండోదానికే పోయిన. పళ్ళు కలిసినయ్, అబద్ధం చెప్పను, పల్లీలు కొరుకుతున్న. కానీ గడ్డం ఎక్కడున్నదో అక్కడే ఉంది, పైగా కింది పళ్ళు లోపలికి బాగా వాలినయ్, చిగురు జారి రెండు పళ్ళ వేర్లు కనబడుతున్నయ్. ఇప్పుడు ఆపరేషన్ కావాలంటే పీకిన పళ్ళ జాగా మళ్ళీ తెరిచి, వాలిన పళ్ళు మళ్ళీ లేపాలంట. అంటే కట్టిన ఇల్లు కూల్చి మళ్ళీ కట్టుడే.

మా మేనమామ కొడుక్కి ఇదే పద్ధతి మస్తుగ పనిచేసింది, వాడిది తేడా చాలా తక్కువ. కాబట్టి పద్ధతి తప్పనను. నా దవడకి అది కాదు, అంతే.

నిప్పులాంటి_నిజం
జనవరి 10, ఉదయం 10:12

దేవుడిచ్చిన మొహం కోసి మళ్ళీ అతికించుకోవడం ఏంటండీ, డబ్బు గుంజే యాపారం కాకపోతే. మా తాతకి ఇదే దవడ, 88 ఏళ్ళు బతికాడు, చెరకు గడలు నమిలాడు.

గోదారి_గట్టు
జనవరి 10, ఉదయం 10:40

మీ తాతగారు పక్క పళ్ళతో నమిలి ఉంటారు, ఎన్ని పళ్ళతో పోయారో కూడా చెప్పండి. ఆ అమ్మాయి అడిగింది అందం గురించి కాదు, 'స' పలకడం గురించి, సేమియా గురించి. చదివి రాయండి.

కోనసీమ_కుర్రాడు
జనవరి 10, ఉదయం 11:02

తాతల దవడ అంటే గుర్తొచ్చింది, యూరప్‌లో హాబ్స్‌బర్గ్ రాజులని ఉండేవాళ్ళు, తరతరాలకీ ఇదే గడ్డం, బొమ్మలు గీసినవాళ్ళు కూడా దాచలేకపోయారు. వాళ్ళలో స్పెయిన్ రాజు రెండో చార్లెస్ అయితే సరిగా నమలలేకపోయేవాడట, 1700లో పోయాడు. అన్నీ దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళే. మన మేనరికాలూ అంతే కదా!

పంటివైద్యం_పద్మ
జనవరి 10, మధ్యాహ్నం 1:30

మేనరికం లేకపోయినా ఈ దవడ వంశంలో దిగుతుంది, చామంతి వాళ్ళమ్మానాన్నల మీద ఇప్పుడు ఇది కూడా వేయకండి బాబూ.

మొద్దు_పెదవి
జనవరి 11, రాత్రి 12:50

నా పేరు చూస్తే తెలుస్తుంది. మూడేళ్ళ కిందట కింది దవడ ఆపరేషన్ అయింది, నాకప్పుడు 38. కింది పెదవి కుడి సగం, గడ్డం కుడి వైపు ఇప్పటికీ స్పర్శ సగమే. మీద దూది రాస్తే దుప్పటి మీంచి రాసినట్టు ఉంటుంది. గడ్డం గీసుకునేటప్పుడు తెగినా రక్తం చూశాకే తెలుస్తుంది. కాఫీ వేడి తెలియక రెండుసార్లు కాల్చుకున్నాను.

ముందు చెప్పలేదా అంటే చెప్పారు, కాగితం మీద సంతకం కూడా పెట్టాను. "కొంతమందికి తిమ్మిరి ఉండిపోవచ్చు" అని ఉంది. ఆ కొంతమందిలో మనం ఉంటామని ఎవరం అనుకుంటాం.

పళ్ళు బాగున్నాయి. నమలడం బాగుంది. మళ్ళీ చేయించుకుంటావా అని అడిగితే రోజుని బట్టి జవాబు మారుతుంది. అమ్మా, భయపెట్టడానికి రాయలేదు, అందరూ ముందు తర్వాత ఫొటోలే పెడతారు, పెదవి సంగతి ఫొటోలో కనబడదు.

పీజీ_హాస్టల్_రూం_9
జనవరి 11, రాత్రి 2:20

డ్యూటీలో ఉన్నా, కాస్త ఖాళీ దొరికింది. ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీ (నోరు, దవడ, మొహం ఆపరేషన్లు) పీజీ, ఫైనల్ ఇయర్.

మొద్దు పెదవి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. కింది దవడ ఎముక లోపల ఒక గొట్టం లాంటి దారి ఉంటుంది, పళ్ళకీ పెదవికీ స్పర్శనిచ్చే నరం అందులోంచే పోతుంది. మనం ఎముకని కోసేది సరిగ్గా ఆ దారి పక్కనే. అడ్డంగా నరికేయం, వెనక భాగంలో ఎముకని నిలువునా రెండు పలకలుగా చీలుస్తాం, బద్ద చీల్చినట్టు. బయటి పలక కీలుతో ఉండిపోతుంది, పళ్ళున్న లోపలి భాగం వెనక్కో ముందుకో జారుతుంది, పలకలు రెండూ ఒకదాని మీదొకటి ఆని ఉంటాయి కాబట్టి ఎముక అతుక్కుంటుంది. చీల్చినప్పుడు నరం సాగుతుంది. మొదట్లో దాదాపు అందరికీ తిమ్మిరి ఉంటుంది, ఎక్కువమందికి నెలల మీద వెనక్కి వస్తుంది, వయసు పెరిగేకొద్దీ రావడం తగ్గుతుంది. ఇంకోటి, ఆ నరం స్పర్శకే. పెదవి కదలడానికి వేరే నరం. కాబట్టి పక్షవాతంలా మూతి వంకర పోతుందేమో అన్న భయంతో దీన్ని కలపకండి, రెండూ వేరు.

ఈ చీల్చే పద్ధతిని ట్రౌనర్, ఒబ్వెగెసర్ అనే ఇద్దరు 1957లో ప్రచురించారు, 1961లో డాల్ పాంట్ అనే ఆయన కోతని ఇంకాస్త ముందుకి తెచ్చాడు. అంతా నోటి లోపలినుంచే, బయట మచ్చ ఉండదు. పై దవడ కోతకి లెఫోర్ట్ అని పేరు, అసలు లెఫోర్ట్ ఈ ఆపరేషన్ చేయలేదు! 1901లో ఫ్రాన్సులో శవాల తలల మీద దెబ్బలు కొట్టి మొహం ఎముక ఏ గీతల మీద విరుగుతుందో చూశాడాయన. ఆ మొదటి గీత మీదే ఇప్పుడు మేం కోస్తాం. వైవాలో ఇది అడగని ఎగ్జామినర్ లేడు.

చామంతిగారూ, మీది కింది దవడ పెద్దదైతే రెండు దవడలెందుకు అని మీరు అడగలేదు కానీ మా వార్డులో అందరూ అడుగుతారు. కింది దవడ ఒక్కదాన్నే బాగా వెనక్కి నెడితే నాలుకా వెనక్కి పోయి గాలి దారి ఇరుకవుతుంది, గురక, నిద్రలో ఊపిరాడకపోవడం రావచ్చు. అందుకే పైదాన్ని కొంచెం ముందుకి తెచ్చి, కిందిదాన్ని కొంచెం వెనక్కి పంపి తేడా పంచుతారు. జ్ఞాన దంతాలు తీయించారా? కింది దవడకైతే కనీసం ఆరు నెలల ముందే తీయించుకుంటే మంచిది, లేకపోతే సరిగ్గా చీల్చే చోట ఆ గుంట ఉంటుంది.

తెనాలి_చామంతి
జనవరి 11, ఉదయం 7:45

అందరికీ థాంక్స్, ఏడ్చుకుంటూ చదివాను, ఏడుపు మాత్రం కొంచెం వేరే రకం ఏడుపు. జ్ఞాన దంతాలు క్లిప్పులకి ముందే నాలుగూ తీసేశారు. మొద్దు పెదవి గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. "ఇది చెప్పినవాడు మనిషి" అన్నారు. శనివారం అమ్మని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తున్నా.

బిల్లుల_బాబాయ్
జనవరి 12, సాయంత్రం 5:10

డబ్బు మాట ఎవరూ ఎత్తలేదేంటి? మా అమ్మాయికి రెండు దవడలు, ప్రైవేటులో, 2021లో. ఆసుపత్రి, మత్తు డాక్టరు, కోసిన ఎముకని పట్టి ఉంచే ప్లేట్లు అన్నీ కలిపి 3 లక్షల 40 వేలు, క్లిప్పుల ఖర్చు వేరే 70 వేలు. టైటానియం ప్లేట్ల లెక్క విడిగా రాయించుకోండి, ఏ కంపెనీవి, ఎన్ని స్క్రూలు అని. మాకు మొదట ఒక మొత్తం చెప్పి బిల్లులో ఇంకో మొత్తం వచ్చింది.

ఇన్సూరెన్సు మొదట తిప్పి కొట్టారు, కాస్మెటిక్ అని. పాలసీ కాగితాల్లో ఎక్స్‌క్లూజన్ కోడ్ 08 చూడండి, అందం కోసం చేసే సర్జరీ ఇవ్వం అని ఉంటుంది, కానీ ఆ వాక్యం చివర్లో ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసేవీ, ఆరోగ్యానికి నేరుగా ఉన్న ముప్పు తీసేందుకు వైద్యపరంగా అవసరమైనవీ మినహాయింపు అని కూడా ఉంటుంది. పళ్ళ వైద్యానికి వేరే షరతు ఉంటుంది, దాన్నీ చదవండి. మా అమ్మాయికి నిద్ర పరీక్ష చేయించాం, ఊపిరి ఆగుతోందని వచ్చింది, అది పెట్టి మళ్ళీ రాస్తే సగం వచ్చింది. లేని జబ్బు రాయించమనట్లేదు, ఉన్నది రాయించుకోమంటున్నా.

చేతిలో అంత లేనివాళ్ళు ప్రభుత్వ డెంటల్ కాలేజీలు చూడండి. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌ది, విజయవాడది, కడపది. క్లిప్పుల విభాగం, సర్జరీ విభాగం ఒకే కప్పు కింద ఉంటాయి, ఈ వైద్యానికి అదే సగం బలం. కాకపోతే తిరగాలి, ఓపిక కావాలి.

డల్లాస్_పిన్ని
జనవరి 13, ఉదయం 4:30

మా వాడికి ఇక్కడే అయింది. ఇక్కడ క్లిప్పుల ఖర్చు మెడికల్ ఇన్సూరెన్సు ఇవ్వలేదు, ఆపరేషన్ ఇచ్చింది, అదీ పళ్ళ మధ్య తేడా మిల్లీమీటర్లలో కొలిచి, ఫొటోలు, ఎక్స్‌రేలు పంపి, రెండు నెలలు ఫోన్లు చేస్తే. ఇంకో సంగతి, వాడికి 16 అప్పుడే చేయించేద్దాం అనుకున్నాం, సర్జన్ ఒప్పుకోలేదు. మగపిల్లల కింది దవడ 20 దాకా కూడా పెరుగుతుందట. ఏడాది తేడాతో రెండు ఎక్స్‌రేలు తీసి, ఒకదాని మీదొకటి పెట్టి, పెరుగుదల ఆగిందని తేలాకే చేశారు. తొందరపడి చేయించిన మా ఫ్రెండు వాళ్ళబ్బాయికి దవడ మళ్ళీ ముందుకొచ్చింది.

లీడ్స్_లలిత
జనవరి 13, మధ్యాహ్నం 3:15

ఇక్కడ యూకేలో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) కింద ఉచితం, కానీ నమలడం, మాట వంటి ఇబ్బందులకి మార్కుల్లా ఒక స్కేలు ఉంటుంది, అందులో నాలుగో ఐదో వస్తేనే. నేను లైన్లో ఉన్నాను. ఉచితం అంటే ఉచితమే, ఎప్పుడు అని మాత్రం అడక్కూడదు.

తెనాలి_చామంతి
జనవరి 15, రాత్రి 9:20

వెళ్ళొచ్చాం. రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి చూపించారు. అమ్మ చాలాసేపు చూసి, "అంటే ఇన్నాళ్ళూ పళ్ళే దీని దవడని కప్పిపెట్టాయన్నమాట" అంది. డాక్టరుగారు "మీకు అర్థమైనంత మా స్టూడెంట్లకి కూడా అర్థం కాదండీ" అన్నారు, అమ్మ పడిపోయింది ఇక. సంబంధం వాళ్ళకి ఫోన్ చేసి ఏడాది ఆగమని నాన్నే చెప్పారు. వాళ్ళు ఆగరులెండి. ఆగకపోయినా పర్లేదు.

ఒక డౌటు, క్లిప్పుల ముందే ఆపరేషన్ చేసే పద్ధతి ఉందట కదా, నాకెందుకు అలా చేయలేదు?

పంటివైద్యం_పద్మ
జనవరి 15, రాత్రి 10:05

ఉంది. పళ్ళు మరీ వంకరగా లేనివాళ్ళకి, వాలు తక్కువ ఉన్నవాళ్ళకి బాగా కుదురుతుంది, ఎముక కోశాక కొన్ని నెలలు పళ్ళు కూడా త్వరగా జరుగుతాయి. కానీ చివరికి పళ్ళు ఎక్కడ కూర్చుంటాయో ముందే ఊహించి కోయాలి, ఊహ తప్పితే దిద్దుకోవడం కష్టం. అందరికీ కాదు.

వంటింటి_వనజ
మే 28, ఉదయం 8:00

చామంతి జూన్‌లో అడ్మిట్ అవుతున్నానని మెసేజ్ పెట్టింది, అందుకని తిండి సంగతి రాస్తున్నా. మా పెద్దాడికి ఆరు వారాలు నేనే వండి పోశాను, పెట్టాను అనకూడదు, పోశాను.

మొదటి పది రోజులు స్పూను కూడా పోదు. పెద్ద సిరంజి, దాని మూతికి మెత్తని గొట్టం, బుగ్గ పక్కనుంచి మెల్లగా. స్ట్రా ఇవ్వొద్దన్నారు మాకు. రాగి జావ పలచగా, మజ్జిగ కలిపి, తప్పకుండా వడకట్టాలి, ఒక్క పలుకున్నా గొట్టంలో అడ్డం పడుతుంది. కందిపప్పు బాగా ఉడికించి మీద తేరిన కట్టులో నెయ్యి, ఉప్పు. మేక కాళ్ళ సూపు వడకట్టి. అన్నం, పప్పు, క్యారెట్ మిక్సీలో వేస్తే చూడ్డానికి సున్నంలా ఉంటుంది గానీ బలం ఉంటుంది. పాలు, అరటిపండు, వేరుశనగ ముద్ద కలిపి తిప్పితే మావాడు రెండు గ్లాసులు తాగేవాడు. కారం, పులుపు జోలికి పోకండి, లోపల కుట్లుంటాయి, చింతపండు చారు ఒక చుక్క పడితే మావాడు మంచం మీంచి లేచి కూర్చున్నాడు. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. అయినా 6 కిలోలు తగ్గాడు. తాగిన ప్రతిసారీ ఉప్పునీళ్ళతో పుక్కిలించి, చిన్నపిల్లల బ్రష్షుతో క్లిప్పులు తోమాలి.

మూడో వారం ఇంట్లో ఆవకాయ కలిపాం. ఆ రోజు వాడు నాతో మాట్లాడలేదు.

గోదారి_గట్టు
మే 28, ఉదయం 9:10

వనజ గారి పోస్టు ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాలి. నా వంతు: లిప్ బామ్ రెండు, తలకింద పెట్టడానికి దిండ్లు మూడు (పడుకుంటే వాపు ఎక్కువ, కూర్చున్నట్టు పడుకోవాలి), ఒక పలక బలపం. మూడు రోజులు మాట రాదు, ఫోన్లో టైపు చేస్తే చదవడానికి అమ్మకి కళ్ళజోడు ఎక్కడుందో వెతుక్కోవడమే సరిపోతుంది. మూడో రోజు వాపు పీక్. ఆ రోజు అద్దం చూడకు. చూస్తావు, నాకు తెలుసు.

తెనాలి_చామంతి
జూన్ 24, సాయంత్రం 4:00

అయింది. జూన్ 12న. ఐదున్నర గంటలు పట్టింది. పైది 4 మిల్లీమీటర్లు ముందుకి, కిందిది 5 వెనక్కి. ముక్కులోంచి గొట్టం వేసి మత్తిచ్చారు, లేచేసరికి ముక్కు మూసుకుపోయి, నోట్లో రబ్బర్లు, ఊపిరి ఆడట్లేదేమోనని గాభరా పడ్డాను, నర్సు పక్కన కూర్చుని "ఆడుతోంది, చూడు, ఈ స్క్రీన్ చూడు, 98 ఉంది" అని పదిసార్లు చెప్పింది. నొప్పి అనుకున్నంత లేదు, నిజం. చిరాకే ఎక్కువ. ముక్కులోంచి పాత రక్తం వారం దాకా వచ్చింది, చీదకూడదు. రెండో రాత్రి మొహం గుమ్మడికాయ. అన్నయ్యా, చూశాను అద్దం.

ఎవరూ చెప్పనిది ఒకటుంది, ఐదో రోజు ఊరికే ఏడుపొచ్చింది, ఆపుకోలేనంత. అద్దంలో ఉన్నది నాన్నమ్మ దవడ కాదు. నాన్నమ్మ పోయి రెండేళ్ళయింది. బాగుందో లేదో కాదు, ఆవిడ పోలిక ఇంక నాలో వెతికినా దొరకదు కదా అనిపించింది. అమ్మకి చెప్పలేదు. మీకే చెప్తున్నా.

తిమ్మిరి: పై పెదవి, బుగ్గలు కొంచెం తిరిగొచ్చాయి. కింది పెదవి, గడ్డం ఏమీ తెలియట్లేదు. 5 కిలోలు తగ్గాను.

మొద్దు_పెదవి
జూన్ 24, రాత్రి 11:30

జాగ్రత్తగా ఉండమ్మా. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు అనిపిస్తే భయపడకు, అది మంచి కబురు. నాకు ఎడమ వైపు అలాగే వచ్చింది.

పీజీ_హాస్టల్_రూం_9
జూన్ 25, ఉదయం 1:15

కంగ్రాట్స్. ఐదో రోజు ఏడుపు మా వార్డులో చాలామందికి వస్తుంది, రౌండ్స్‌లో మేం అడగం, వాళ్ళు చెప్పరు. ఇకనుంచి అడుగుతాను. నోరు తెరిచే వ్యాయామం సర్జన్ ఎప్పుడు మొదలుపెట్టమంటే అప్పుడు మొదలుపెట్టండి, ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీదొకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టి, వారానికి ఒకటో రెండో పెంచుకుంటూ. బద్ధకిస్తే నోరు ఆ కాస్తకే ఉండిపోతుంది.

సిద్దిపేట్_శీను
సెప్టెంబర్ 3, రాత్రి 8:45

చెల్లె, ఎన్ని పుల్లలు పడుతున్నయ్ ఇప్పుడు? నేను కూడా మొన్న క్లిప్పులు మళ్ళీ వేయించుకున్న, పీకిన జాగాలు తెరుస్తున్నరు. నా కింది పళ్ళు మళ్ళీ ముందుకు పోతున్నయ్, మా అవ్వ నన్ను చూసి దండం పెడుతుంది.

తెనాలి_చామంతి
సెప్టెంబర్ 3, రాత్రి 9:30

17 పుల్లలు అన్నా! ధైర్యంగా ఉండు, నీ సందు ఎంత పెరిగితే అంత మంచిది అనుకో.

నిప్పులాంటి_నిజం
2024 ఫిబ్రవరి 18, ఉదయం 10:00

ఆ అమ్మాయి ఏమైంది? మా మనవరాలికి 12, కింది పళ్ళు బయటికి పడుతున్నాయి. అడుగుతున్నా అంతే.

పంటివైద్యం_పద్మ
ఫిబ్రవరి 18, మధ్యాహ్నం 12:20

వచ్చారా! ఆలస్యం చేయకుండా ఒక ఆర్థోడాంటిస్టుకి చూపించండి. ఇంకా చిన్న వయసులో, 8, 9 ఏళ్ళప్పుడైతే, మొహానికి తగిలించే మాస్కు లాంటి పరికరంతో పై దవడని కొంత ముందుకి లాగే వీలు బాగా ఉంటుంది. 12కి కొంచెం ఆలస్యమే, అయినా చూడాలి. కాకపోతే ఎదుగుదల ఆగేదాకా గమనించాల్సి రావచ్చు, అంతవరకూ ఆపరేషన్ మాట రాదు. తాతగారి చెరకు గడల సంగతి పాపకి చెప్పకండి.

తెనాలి_చామంతి
ఫిబ్రవరి 21, రాత్రి 10:15

ఏమీ కాలేదండీ, ఉన్నాను. పోయిన వారమే క్లిప్పులు తీసేశారు, మొత్తం రెండేళ్ళు. ఇప్పుడు రాత్రింబవళ్ళు రిటైనర్, తర్వాత రాత్రిళ్ళు మాత్రమే, అది మానేస్తే పళ్ళు జరుగుతాయని డాక్టరుగారు అమ్మకి చెప్పారు, నాకు చెప్పలేదు, ఎవరికి చెప్తే పని జరుగుతుందో ఆయనకి తెలిసిపోయింది.

"సంతకం" సరిగ్గా వస్తోంది, మొదటి నెల మాత్రం నాలుక ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకా ఘోరంగా పలికాను. స్పర్శ కుడి వైపు దాదాపు వచ్చేసింది. ఎడమ వైపు గడ్డం కింద రూపాయి బిళ్ళంత చోటు ఇంకా మొద్దుగానే ఉంది. అన్నంలోకి చారు పోసుకుంటే అక్కడినుంచి కారుతుంది, నాకు తెలియదు. ఎదురుగా కూర్చున్న అమ్మ ఏమీ అనకుండా తన గడ్డం మీద వేలు పెట్టి చూపిస్తుంది, తుడుచుకుంటాను.

వనజ_గారూ, ఆవకాయ తిన్నాను.

గోదారి_గట్టు
ఫిబ్రవరి 21, రాత్రి 10:40

దారం సంగతి చెప్పలేదు.

తెనాలి_చామంతి
ఫిబ్రవరి 21, రాత్రి 10:52

తెగింది అన్నయ్యా. మొదటిసారి పెదవి కూడా కొరుక్కున్నాను, ఎడమ వైపు కదా, తెలియలేదు. కనకాంబరాల మీద రక్తం పడ్డాక అమ్మ చూసింది.